శుక్రవారం హాల్లో ఏడ్చింది దయ్యం కాదు

మనుషులు ఎంత లోతున పాతిపెట్టినా సత్యాన్ని పైకి తెచ్చే దేవునికి స్తోత్రం. ఏడ్చేవాళ్ల గొంతు ఎవరిదో పేరుపేరునా ఎరిగిన తండ్రికి స్తోత్రం. పెద్దల నోట అబద్ధం పుట్టినప్పుడు కూడా పేదరాళ్ల ప్రార్థనను నేల రాలనివ్వని నా ప్రభువుకు, ఈ నాలుగు మాటలు రాయడానికి నా ముసలి చేతికి బలమిచ్చినందుకు, వేయి నోళ్లతో స్తోత్రం. స్తోత్రం చెప్పకుండా మొదలుపెడితే ఈ కాగితం మీద కోపం తప్ప ఇంకేమీ మిగలదని నాకు తెలుసు. కోపం ఎలాగూ ఉంది. అందుకే ముందుగా ఆయన నామం రాసుకున్నాను.

మొన్నొక రోజు పొద్దున కల్లూరులో మా ఇంటి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే బేతంచెర్ల నుంచి కాంతమ్మక్క ఫోన్ చేసింది. కాంతమ్మక్క మా పెద్దమ్మ కూతురు. డెబ్బై దాటిన మనిషి. ఫోనులో వందనాలు కూడా చెప్పలేదు. "పాపా, మా అమ్మను తరిమేస్తారంట" అంది. పెద్దమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. అక్కకు మతి చలించిందేమో అని భయపడ్డాను. తర్వాత వాళ్ల మనవరాలు నాకొక కరపత్రం బొమ్మ పంపింది. "విడుదల ప్రార్థనలు" అని పెద్ద అక్షరాలు. కింద తెల్లచీర కట్టుకుని, కళ్లు లేని ముఖంతో, చేతిలో చీపురుతో ఒక ఆడమనిషి. "శెట్టి హాలులో ఏళ్ల తరబడి నివసించుచున్న తెల్లచీర దురాత్మను యేసు నామమున వెళ్లగొట్టుదుము, రండి" అని పిలుపు. అచ్చు వేయించింది ఊళ్లో ఎవరో మంత్రగాడు కాదు. మా సంఘమే. నేను బాప్తిస్మం తీసుకున్న సంఘం.

సంగతి ఇది. మా సంఘం పెరిగింది, దేవునికి మహిమ. పాత గుడి చాలడం లేదు. మూతబడిన శెట్టిగారి సినిమా హాలును వాళ్ల వారసులు ఆరాధనకు ఇస్తామన్నారు. చాలా ఏళ్లుగా దాన్ని పాలిష్ పట్టిన బండలు నిలవ చేసుకోవడానికి వాడారు. కానీ ఆ హాల్లో దయ్యముందని ఊరంతా నమ్ముతుంది. శుక్రవారాల్లో పట్టపగలు లోపల ఆడమనిషి ఏడుస్తుందని, "తలుపు తియ్యి అయ్యా" అని మొత్తుకుంటుందని, తర్వాత హాలంతా శుభ్రంగా ఊడ్చి మాయమవుతుందని. ఈమధ్య పిల్లలు ఫోన్లతో లోపలికి దూరి వీడియోలు తీసి, వాటికి ఏడుపు సంగీతం అతికించి ప్రపంచమంతా తిప్పారు. అందుకని ఆరాధన మొదలుపెట్టే ముందు దయ్యాన్ని వెళ్లగొట్టాలని మా కొత్త పాస్టరుగారి సంకల్పం. ఊడ్చే దయ్యాన్ని ఎక్కడైనా చూశారా? పల్లీ తొక్కులు, బీడీ ముక్కలు ఎత్తిపోసే దురాత్మను గురించి ఏ వాక్యంలో చదివారు? ఒక్కరికైనా ఆ అనుమానం రాలేదు.

మా పెద్దమ్మ పేరు దేవకృపమ్మ. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే మిషను వాళ్ల దగ్గర చదువుకుని బైబిలమ్మ అయింది. ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పి, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పే పని. ఆమెకు ఉన్నవి మూడే చీరలు, మూడూ తెల్లవే. శనివారం సాయంత్రం మా పెరట్లో ఆమె చీరలకు గంజి పెట్టేది. కొర్రన్నం వార్చిన గంజిలో నీలిమందు చిటికెడు కలిపి, చీర ముంచి, నేనొక కొస, ఆమె ఒక కొస పట్టుకుని మెలిపెట్టేవాళ్లం. ఆమె దగ్గర కూర్చుంటే ఆ గంజి వాసన, ట్రంకు పెట్టెలోని కలరా ఉండల వాసన కలిసి వచ్చేవి. బేతంచెర్లలో తెల్లచీర ఒక పూట తెల్లగా నిలబడటం కష్టం. గనుల నుంచి లారీలు పోతుంటే నాపరాతి దుమ్ము ఇంటి దూలాల మీద, పప్పు డబ్బాల మీద, మనుషుల కనురెప్పల మీద పడేది. ఆ దుమ్ములో ఆమె నల్ల సంచి చంకన పెట్టుకుని నడిచి వస్తుంటే దూరం నుంచే తెలిసిపోయేది. కోమట్ల వీధిలో చాలామంది ఆడవాళ్లు సంతకం పెట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నారు. హాలు శెట్టిగారి భార్య కూడా. మేమంతా ఆమెను శెట్టెమ్మ అనేవాళ్లం. ఆమె మతం మారలేదు, పెద్దమ్మ అడగనూ లేదు. వారానికి రెండు రోజులు వాళ్ల వంటింటి గడప దగ్గర పీట వేసుకుని ఇద్దరూ పలక మీద రాసుకునేవాళ్లు.

మా నాయన మిషను బడిలో టీచరు, సంఘానికి కార్యదర్శి. ఆయన అలవాట్లన్నీ కొలిచినట్లు ఉండేవి. పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని కీర్తన పాడాలి. పాడకుండా జొన్నరొట్టె ముట్టుకుంటే చేతి మీద దెబ్బ. గుడి తాళంచెవులు ఆయన మొలతాడుకే ఉండేవి, స్నానానికి పోయినా తీసేవాడు కాదు. సినిమా హాలు గడప తొక్కిన విశ్వాసికి ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసాల పంక్తిలో, చేయి లేదన్నది ఆయన రాసిన తీర్మానమే. గోడ మీద అంటించిన సినిమా బొమ్మ వైపు చూశామని తెలిసినా మోకాళ్ల మీద నిలబెట్టేవాడు. ఇంత భక్తి గల మనుషులు ఆ రోజుల్లో గుడి పెత్తనం కోసం రెండు వర్గాలుగా చీలిపోయారు. ఎవరు పెద్ద, ఎవరి మాట చెల్లాలి, అదే తగాదా. మాటలు ముదిరి, ఒక ఆదివారం ప్రసంగం మధ్యలోనే ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. మా నాయన గుడికి తాళం వేశాడు. అవతలి వర్గం వాళ్లు దాని మీద ఇంకో తాళం వేశారు. దేవుని మందిరానికి రెండు తాళాలు! కోత పండుగ పోయింది, క్రిస్మస్ పోయింది, తాళాలు ఊడలేదు. రెండు వర్గాల మగవాళ్లూ ఇళ్లలో కూర్చుని తామే ప్రభువు పక్షమని చెప్పుకున్నారు.

ఆడవాళ్లు ఎక్కడ ప్రార్థించుకోవాలి? ఎవరింట్లో కూడినా అవతలి వర్గం ఆడవాళ్లు రావడానికి భర్తలు ఒప్పుకోరు. పెద్దమ్మ ఈ బాధ ఒకరోజు శెట్టెమ్మ దగ్గర చెప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను. శెట్టెమ్మ పలక పక్కన పెట్టి, "దానికేమి దేవకృపమ్మా, మా హాలు ఉండాది గదా. మధ్యాన్నం ఆట దాకా ఈగలు తోలుకుంటా పడుంటాది. మా పెరట్లోంచి హాల్లోకి ఉండే తలుపు నుంచి వచ్చి మీ దేవుణ్ణి మొక్కోండి. రోడ్డు మీది వాళ్లకు తెలీదు" అంది. పెద్దమ్మ చేతిలో బలపం పక్కన పెట్టింది. తర్వాత, "సినిమా హాల్లోనా తల్లీ?" అంది. "ఆట ఆడేటప్పుడే అది సినిమా హాలు. లేనప్పుడు నాలుగు గోడలే గదమ్మా" అని శెట్టెమ్మ పెరటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. మా సంఘ పెద్దలకు లేని జ్ఞానం ఆ తల్లికి ఉండింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఏడుగురు ఆడవాళ్లు ఉపవాసముండి అక్కడ కూడేవాళ్లు. మా వర్గం వాళ్లు నలుగురు, అవతలి వర్గం వాళ్లు ముగ్గురు. ఆ రోజు మా ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. పిల్లలకు ముందురోజు కాల్చిన ఎండు రొట్టె, కారం. బడి సెలవుల్లో పెద్దమ్మ నన్ను వెంట తీసుకుపోయేది. హాల్లో బీడీ కంపు, తడిసిన కొబ్బరిపీచు వాసన, నల్లుల కుర్చీలు. జనం నేల మీద కూర్చుని సినిమా చూసే చోట నాపరాళ్లు పరిచి ఉండేవి. మోకరించాలంటే ముందు అక్కడ పల్లీ తొక్కులు, ఉమ్ములు, బీడీ ముక్కలు తీయాలి. అందుకని పెద్దమ్మ చీపురు తీసుకుని వరుస వరుసా ఊడ్చేది. వెనక ఒకామె తడిగుడ్డ వేసేది. ఆ తర్వాత ఏడుగురూ చల్లటి బండల మీద మోకరించేవాళ్లు. మొదట్లో మెల్లగా గొణిగినట్లుండేది. పోనుపోను గొంతులు లేచేవి. "అయ్యా, నీ ఇంటి తలుపు తియ్యి అయ్యా, మా మగోళ్ల గుండె తలుపు తియ్యి" అని పెద్దమ్మ ఏడిస్తే ఎత్తైన ఆ గోడలు ఆ ఏడుపును పది రెట్లు చేసి పైనున్న గాలి రంధ్రాల గుండా రోడ్డు మీదికి పంపేవి. రోడ్డవతల టీ అంగడి. అక్కడ కూర్చున్నవాళ్లకు తాళం వేసిన హాల్లోంచి ఆడమనిషి ఏడుపు. మధ్యాహ్నం గేటు తీయడానికి వచ్చిన మనిషికి అద్దంలా ఊడ్చిన నేల. ఒకసారెవరో గాలి రంధ్రం దాకా ఎగబాకి చూస్తే చీకట్లో తెల్లచీర ఒకటి కదిలిందట. ఇక చెప్పేదేముంది!

మొదట్లో ఊరు దాన్ని సగమే నమ్మింది. పూర్తిగా నమ్మించింది మా ఇల్లు. మిషను పెద్దలకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి పోయిందట, మీ విశ్వాసులు సినిమా హాలుకు పోతున్నారని. విచారణకు పై ఊరి నుంచి ఇద్దరు అయ్యగార్లు జీపులో వచ్చారు. మా వసారాలో కూర్చున్నారు. అమ్మ లోపల ఉప్మా కలుపుతోంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి నిలబడ్డాను. వాళ్లు నాయనను అడిగారు, "ఏమండీ టీచరుగారూ, హాల్లో మన స్త్రీలు కూడుతున్నారన్నది వాస్తవమా?" అని. నాయనకు అంతా తెలుసు. ఆ ముందు శుక్రవారమే నా మోకాళ్ల మీద దుమ్ము చూసి ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగితే నేను నిజం చెప్పాను. అవునని చెబితే ఎందుకు అని వాళ్లు అడుగుతారు. గుడికి తాళం ఎవరు వేశారని అడుగుతారు. నాయన గొంతు సవరించుకుని, "అయ్యా, అదంతా దయ్యం సంగతి. శుక్రవారం ఆ హాల్లో ఏడుపు వినపడేది నిజమే, ఊరంతా విన్నారు. గానీ అది మనిషి గాదు. మనోళ్లు ఆ చాయలకు గూడా పోరు" అన్నాడు. లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. అమ్మ బయటికి రాలేదు. అయ్యగార్లు తృప్తిగా తలలు ఊపి, ఉప్మా తిని, ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రానికే మాట బజారుకు పోయింది. దయ్యాలు లేవు, మొక్కకండి అని ఊరికంతా బోధించే టీచరు నోటి నుంచే దయ్యముందని వచ్చింది! నిమ్మకాయల అంగడి దగ్గర నా చెవులతో విన్నాను: "కిరస్తానోళ్ల టీచరే ఒప్పుకున్న్యాడంటనప్పా, ఇంగ అబద్ధం యాడుంటాది?" ఊరి మంత్రగాళ్లు ఎన్నేళ్లు చెప్పినా పుట్టని నమ్మకం ఒక విశ్వాసి అబద్ధంతో ఒక్క పూటలో పుట్టింది. శుక్రవారం ఆటకు ఆడవాళ్లు రావడం మానేశారు. శెట్టిగారు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించాడు. శెట్టెమ్మకు నిజం తెలిసి కూడా పెద్దమ్మకిచ్చిన మాట కోసం నోరు విప్పలేదు. భర్త చేత తిట్లు తిన్నది. తాళంచెవి మాత్రం వెనక్కి అడగలేదు.

నేను పరుగెత్తి పోయి పెద్దమ్మకు చెప్పాను. ఆమె రోట్లో కారం నూరుతోంది. విని, నూరే చెయ్యి ఆపి, "మీ నాయన నన్ను బల్లకు దూరం చేయకుండా కాపాడినాడనుకుంటాండాడేమో పాపా" అంది. రోటి అంచున అంటిన కారం లోపలికి తోసి, "గాదులే. ఆయప్ప తాళాన్ని కాపాడుకున్న్యాడు" అంది. మళ్లీ నూరడం మొదలుపెట్టింది. ఆ మాట తప్ప నాయన మీద ఆమె నోట నేనింకో మాట వినలేదు. మరుసటి ఏడాది, అయ్యగార్లు మళ్లీ వచ్చి రాజీ చేస్తే తాళాలు ఊడాయి. రాజీ కుదిర్చింది మేమంటే మేమని రెండు వర్గాలూ చెప్పుకున్నాయి. ఏడుగురు ఆడవాళ్ల మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే దయ్యం కథ అబద్ధమవుతుంది. కార్యదర్శి మాట అబద్ధమవుతుంది. నాయన గౌరవంగా బతికి గౌరవంగా పోయాడు. ఆయన ఫోటో ఇప్పటికీ గుడిలో ఉంది. నేనూ ఏళ్ల తరబడి ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడకూడదని నేర్పి, ఈ ఒక్క అబద్ధం మీద కూర్చుని ఉన్నాను. నా కోపం అందరి మీదా అని రాస్తూ నన్ను వదిలేస్తే అది ఇంకో అబద్ధం.

కరపత్రం చూసిన మరునాడే నేను బేతంచెర్ల పోయాను. పాస్టరుగారు మంచి కుర్రాడే. ఎండలో మోటారు సైకిలు మీద పల్లెపల్లెకూ తిరుగుతాడు, రోగుల దగ్గర రాత్రీ పగలూ కూర్చుంటాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. అంతా విని, "అమ్మా, మీ పెద్దమ్మ ఆ కాలంలో ప్రార్థన చేసుండొచ్చు. గానీ మొన్న మొన్న గూడా విన్న్యామనే వాళ్లు ఉండారు. దురాత్మ సచ్చిపోయిన భక్తుల వేషం గూడా వేసుకుంటాది" అన్నాడు.

"అయ్యగారూ, నీళ్ల మీద నడిచొచ్చిన ప్రభువునే చూసి శిష్యులు భూతం, భూతం అని కేకలు పెట్టినారు. పడవలో ఉన్న్యోళ్లు భయపడితే ఆయన భూతమైపోతాడా?" అన్నాను. "మందిరంలో బిడ్డ కోసం పెదాలు కదిలిస్తా ఏడ్చిన తల్లిని చూసి యాజకుడు తాగి వచ్చిందనుకున్న్యాడు. ప్రార్థనను గుర్తుపట్టలేకపోవడం ఈనాటి రోగం గాదు. దానికి మీరు కరపత్రం అచ్చేసినారు, అంతే తేడా."

ఆయన తల వంచుకున్నాడు. "ఆదివారం సాక్ష్యంలో చెప్పండమ్మా, నేను అడ్డు రాను. గానీ మీ నాయనగారి పేరు వస్తాది. సంఘం ఆయన్ని శానా గౌరవిస్తాంది. బాగా ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించుకోవడానికి ఏముంది? ఒకరి పేరు నిలబడాలంటే ఒకరి పేరు పడాలి. పెద్దమ్మ పేరు పడిపోయి ఇన్నేళ్లయింది.

ఆదివారం గుడి నిండిపోయింది. కాంతమ్మక్క నా పక్కన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నేను లేచి నిలబడి, ఇక్కడ రాసిందంతా చెప్పాను. నాయన మాటలు ఆయన అన్నట్లే చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన ఫోటో ఉన్న గోడ వైపు చూడలేదు. నేను ముగించగానే పెద్దలలో ఒకాయన లేచి, "ఏమ్మా, పోయిన పెద్దమనిషి మీద కన్నకూతురే ఇట్ల చెప్పచ్చునా? సాక్ష్యం ఎవురుండారు దీనికి?" అన్నాడు. నేను గుడంతా కలియజూశాను. అప్పుడు ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో ఏస్తేరవ్వ కదిలింది. తొంభై ఏళ్ల మనిషి, చెవులు సరిగా వినపడవు, అవతలి వర్గం ఇంటి కోడలు. పక్కనున్న పిల్ల చెవిలో సంగతి చెబితే విని, కర్ర నేలకు తాటించి, గుడంతా వినపడేలా అరిచింది: "ఏడుగురు దయ్యాలమప్పా మేము! ఆరు మంది పైకి పోయినారు. ఇంగ నేనొక్కదాన్నే ఉండా. తరుముతావా, తరుము. నడవలేను గానీ, ఆటో పిలిపీ."

గుడి మొత్తం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొందరు ఏడ్చారు. ఆ పెద్దాయన కూర్చుండిపోయాడు. పాస్టరుగారు వేదిక ఎక్కి, కరపత్రాలు ఇంకెవరూ పంచవద్దని చెప్పాడు. "దేవకృపమ్మగారు" అని మా పెద్దమ్మ పేరు మైకులో పలికాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గుడిలో ఆ పేరు వినపడింది. కాంతమ్మక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పలేను. ఆ తర్వాత ఆయన మోకరించి, మా పితరులు ఆడిన అబద్ధాన్ని ఒప్పుకుంటున్నామని, కార్యదర్శిగారి మీద సంఘంలో ఎవరికీ చేదు మిగలకూడదని ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు. కాంతమ్మక్క అంది. ఏస్తేరవ్వ అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా అంది. నేను అనలేకపోయాను.

ఇది రాసే ఈ రోజుకీ నేను అనలేదు. మా నాయన నాకు కీర్తనలు నేర్పాడు, అక్షరాలు నేర్పాడు, జ్వరం వస్తే రాత్రంతా నా తల నిమిరాడు. అవన్నీ నిజమే. అయినా ఆ వసారాలో ఆయన గొంతు సవరించుకున్న చప్పుడు గుర్తొస్తే నా దవడలు బిగుసుకుపోతాయి. ఆనాటి మనుషులకు భక్తి ఎక్కువ, ఈనాటి వాళ్లకు తక్కువ అని మా వయసు వాళ్లం చెప్పుకుంటాం. నాకిప్పుడు అలా చెప్పే ధైర్యం లేదు. ఆనాడు తెలిసి ఆడిన అబద్ధాన్ని ఈనాడు తెలియక నమ్మారు. ఏది పెద్ద తప్పో తీర్పు తీర్చేవాడు వేరే ఉన్నాడు.

చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఒక్క నిమిషం ఈ కాగితం పక్కన పెట్టి నాతో కలిసి తల వంచండి. తండ్రీ, నీ ఇంట్లో పెత్తనం కోసం కొట్లాడుకునే మమ్మల్ని సిగ్గుపరచు. మా చుట్టూ ఎక్కడ ఎవరు ఏడుస్తున్నా, భయపడి పారిపోక వాళ్లెవరో చూడటానికి వెళ్లే కాళ్లు మాకివ్వు. నా తండ్రిని క్షమించలేని ఈ ముసలి కూతురి గుండెను మెత్తబరచు. నా నోరు ఇంకా పెగలడం లేదు. నేను అనగలిగే రోజు వచ్చేదాకా, నా బదులుగా, దయచేసి మీరు ఆమేన్ అనండి.